సూక్ష్మజీవికి అదనపు బాధ్యతలు

శోభనాచలానికి చిన్నప్పటినుంచీ ఒక సందేహం ఉంది. అమ్మవారికి ఎనిమిది చేతులు. ఎనిమిది చేతుల్లో ఎనిమిది ఆయుధాలు. మరి ఆవిడ వాటిని ఎప్పుడు కింద పెడుతుంది?

ఏడేళ్లప్పుడు దసరా పందిట్లో పూజారిగారిని అడిగాడు. పూజారిగారు చేతిలో ఇంత చక్రపొంగలి పెట్టి, "తిను" అన్నారు. పెళ్లయ్యాక భార్య తిరపతమ్మను అడిగాడు. "పొద్దున్నే అవేం మాటలండీ, చెంపలేసుకోండి" అంది. వేసుకున్నాడు. సందేహం మాత్రం పోలేదు. ఇప్పుడు యాభై ఆరేళ్లొచ్చినా, పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టి పటానికి దండం పెట్టేటప్పుడు ఆయన చూపు ముందు అమ్మవారి పాదాల మీదకీ, ఆ తరవాత కాస్త దొంగచాటుగా గద పట్టుకున్న చేతి మీదకీ పోతుంది. పాపం, అది అన్నిటికన్నా బరువైంది.

శోభనాచలం పదో తరగతి పాసై, కృష్ణ ఒడ్డునున్న దుంపపంటల పరిశోధన కేంద్రంలో ల్యాబు అటెండరుగా చేరాడు. చేరి ముప్పై ఏళ్లయింది. గాజుసీసాల్లో పెరిగే సూక్ష్మజీవులకు తిండి వండటం ఆయన పని. గంజిలాంటిది కాచి, ఆవిరిపెట్టెలో ఉడికించి, చల్లార్చి, పాత సీసాలోంచి ఒక్క చుక్క కొత్త సీసాలో వెయ్యాలి. మర్నాటికి ఆ చుక్క కోట్లకు కోట్లవుతుంది. "మా ఆయన కంటికి కనపడని పురుగులకి వంట చేస్తారు. ఇంట్లో కాఫీ పెట్టడం మాత్రం రాదు" అని తిరపతమ్మ ఇరుగుపొరుగుతో చెబుతుంటుంది.

ఆ సూక్ష్మజీవుల్లో ఒకదాని మీద ఆయనకు ప్రత్యేకమైన అభిమానం. కాగితాల మీద దాని పేరు లంక-11. అది వచ్చింది నాంచారమ్మ చేనులోంచి.

పదకొండేళ్ల కిందట లంకలన్నిటా పసుపుకు దుంపకుళ్లు తగిలింది. ఆకు పండిపోయి, దుంప మెత్తబడి, పీకితే కంపు కొట్టేది. నాంచారమ్మ చేలో ఒక్క మూల మాత్రం పచ్చగా నిలబడింది. ఆ మట్టిలో ఏదో మంచి జీవం ఉందనుకుని, అక్కడి దుంపనొకదాన్ని వేళ్లతో, మట్టితో సహా తెమ్మని కేంద్రం వాళ్లు శోభనాచలాన్ని పంపారు. ఆయన సంచి మర్చిపోయి వెళ్లాడు. నాంచారమ్మ తన అన్నం తెచ్చుకున్న స్టీలుగిన్నె కడిగి, అందులో మట్టిగడ్డ పెట్టి, మూత పెట్టి ఇచ్చింది.

"రేపు తెచ్చియ్యి. మా అమ్మ పేరు కొట్టించిచ్చిన గిన్నె అది" అంది.

"రేపే తెస్తానత్తా" అన్నాడు శోభనాచలం.

గేటు దగ్గర కాపలాదారు పుస్తకంలో రాశాడు: "స్టీలు గిన్నె ఒకటి, మూత సహితం, లోపల మట్టి." అంతే, ఆ గిన్నె ప్రభుత్వానిదైపోయింది. బయటికి తీసుకుపోవాలంటే అది నాంచారమ్మదేనని రుజువు కావాలన్నారు పరిపాలనాధికారి భుజంగరావు గారు.

"అడుగున పేరు కొట్టించి ఉందండి, 'కె. నాంచారమ్మ' అని."

"పేరు ఎవరైనా కొట్టించుకోవచ్చు శోభనాచలం. కొన్నప్పటి బిల్లు ఉన్నదా?"

ఎప్పుడో పోయిన తల్లి, ఎక్కడో తిరనాళ్లలో కొన్న గిన్నె. బిల్లెక్కడినుంచి వస్తుంది? దాన్ని చొక్కాలో దాచి గేటు దాటించడం శోభనాచలానికి చేతకాదు. గేటు పక్కనే ఆంజనేయస్వామి గూడుంది. కొత్త గిన్నె కొనిస్తానంటే నాంచారమ్మ ఒప్పుకోలేదు. "నాకు గిన్నెల్లేకా? నా గిన్నె నాకియ్యి. ఉత్త గిన్నె కూడా ఇయ్యమాక, తెలుసుగా" అంది. ఒకరింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. కాస్త పంచదారో, నాలుగు పళ్లో వేసి ఇవ్వాలి. ఆ సంగతి శోభనాచలానికీ తెలుసు.

"ఖాళీగా ఇవ్వనత్తా. నీ మట్టిలో మంచి పురుగుంది. దాన్ని పెంచి, నీ గిన్నెడూ నీకిస్తా" అని మాటిచ్చాడు.

ఆ మాటకు పదకొండేళ్లు. గిన్నె ల్యాబులో గంజిపొడి కొలవడానికి పనికొస్తోంది. మూత భుజంగరావు గారి మంచినీళ్ల కూజా మీద చేరింది. లంక-11 నిజంగానే మంచిదని తేలింది. పసుపు వేళ్లను పట్టుకుని ఉంటుంది, కుళ్లును దగ్గరికి రానివ్వదు. పొద్దుగూకే ముందు చుక్క వేస్తే తెల్లారేసరికి సీసా అంతా మజ్జిగలా తెల్లబడుతుంది. దాన్ని రైతులకు పంచే ఫైలు మాత్రం కదల్లేదు.

అలాంటి రోజుల్లో కొత్త డైరెక్టరు డాక్టర్ చిదంబరేశ్వరరావు గారు వచ్చారు. వచ్చిన పదో రోజున ఒక ఉత్తర్వు వెలువడింది.

"ఈ కేంద్రములోని సూక్ష్మజీవులు పగలనక రేయనక కేవలము తినుటయందును, ఒకటి రెండగుటయందును కాలము వ్యర్థపుచ్చుచున్నట్లు సంచాలకుల వారి దృష్టికి వచ్చినది. ఇకపై ప్రతి సూక్ష్మజీవియు తన స్వంత పనికి అదనముగా, విభాగమునకు ఒకటి చొప్పున, ఏడు ప్రయోజనకర గుణములను ప్లాస్మిడ్ల రూపమున వహించవలెను. వహింపని సూక్ష్మజీవులు అనర్హములుగా పరిగణింపబడును."

శోభనాచలం ఆ కాగితం పట్టుకుని డాక్టర్ ఉత్పల దగ్గరికి వెళ్లాడు. ఆ అమ్మాయి కేంద్రంలో అందరికన్నా చిన్న శాస్త్రవేత్త. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

"ప్లాస్మిడ్ అంటే ఏంటమ్మా?"

"ప్రతి సూక్ష్మజీవికీ తన వంశపు రాత ఒకటుంటుంది శోభనాచలం గారూ, పెద్ద గ్రంథంలాగా. ప్లాస్మిడ్ అంటే దానికి విడిగా ఉండే చిన్న కడియం అనుకోండి. అందులో ఒకటో రెండో విద్యలు రాసి ఉంటాయి. పక్కదాన్నుంచి తెచ్చుకోవచ్చు."

"మంచిదేగా. ఊరికే విద్యొస్తే ఎవరికి చేదు?"

"ఊరికే రాదండీ. ఇది ఒకటి రెండయిన ప్రతిసారీ ఆ కడియానికి కూడా నకలు తియ్యాలి. అందులో రాసిన పని చెయ్యడానికి తిన్న తిండిలో కొంత పోవాలి. ఉప్పునేలలో ఉప్పు తట్టుకునే విద్య ప్రాణం నిలబెడుతుంది. ఉప్పు లేనిచోట అదే విద్య ఉత్త బరువు. మొయ్యనివి ముందుకు పోతాయి, మోసేవి వెనకబడతాయి."

"మరి దించేసుకోకూడదా?"

"అలా దించేసుకున్నవి అప్పుడప్పుడు పుడుతూనే ఉంటాయి. అవి బతక్కుండా మనం తిండిలో మందు కలుపుతాం. కడియం ఉన్నదే ఆ మందుకు తట్టుకుంటుంది. లేనిది చస్తుంది."

"అంటే, కావడి దించినవాడికి అన్నంలో విషమన్నమాట."

ఉత్పల నవ్వింది. "మా పుస్తకాల్లో ఇంత తిన్నగా రాయలేదండీ."

మర్నాటినుంచి కడియాలు తొడగడం మొదలైంది. ఉప్పునేలల విభాగం ఉప్పుకు తట్టుకునే కడియం తెచ్చింది. ఎండల విభాగం ఎండది, పురుగుమందుల విభాగం మందుల్ని అరిగించుకునేది తెచ్చాయి. లోహాల విభాగం వారు పాదరసాన్ని తట్టుకునే కడియం తెచ్చారు. "లంకల్లో పాదరసం ఎక్కడుందండీ?" అని శోభనాచలం అడిగితే, "ఎప్పుడైనా వస్తే?" అన్నారు వాళ్లు. అయిదోది ఈగల్ని తరిమే వాసన పుట్టిస్తుంది. మూడు కడియాలు పడేసరికి సీసా తెల్లబడటానికి రెండు రోజులు పట్టింది. అయిదు పడేసరికి అయిదు రోజులు.

ఆరో గుణం భుజంగరావు గారి ఆలోచన.

"వేరు దగ్గర ఇవి విధులకు హాజరగుచున్నవో లేదో మనకెట్లు తెలియును?" అన్నారు సమావేశంలో. "మెరిసే గుణము పెట్టించండి. దీపం వేసి చూస్తే ఆకుపచ్చగా మెరవాలి. మెరిసినది హాజరు. మెరవనిది గైర్హాజరు."

అందరూ బల్ల చరిచారు. ఉత్పల మాత్రం లేచి, "సార్, ఇవి ఒకదానికొకటి పొసగడం లేదు. రెండు కడియాలు ఒకే రకానివైతే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి" అంది.

డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "మన విభాగాలు పొసగుతున్నాయా అమ్మా? అయినా కేంద్రం నడుస్తోందిగా! వాటిమధ్య ఒక సమన్వయ సంఘం వేద్దాం."

"పెరుగుదల కూడా తగ్గిపోయింది సార్."

"తగ్గలేదు. గాంభీర్యం వచ్చింది. బాధ్యత మోసేవాడు గంతులెయ్యడు. అదుగో, మన శోభనాచలాన్ని చూడు. ల్యాబు ఉంది, జనరేటరు గది ఉంది, అతిథిగృహం, జెండా కట్టడం, తోట, నీళ్ల మోటారు, సంచాలకుల వారి కుక్క. ఏడు బాధ్యతలు! ఏమైనా చిక్కాడా?"

సమావేశంలో ఉన్నవాళ్లంతా తిరిగి శోభనాచలాన్ని చూశారు. ఆయన టీ గ్లాసుల పళ్లెంతో నిలబడి ఉన్నాడు. మొలలో తాళాలగుత్తి ఒక పక్కకు లాగుతుంటే పంచె జారకుండా మోచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"చిక్కారు సార్" అంది ఉత్పల మెల్లగా. ఆ మాట మినిట్సులోకి ఎక్కలేదు.

ఏడో కడియం తెచ్చింది ప్రచార విభాగం. వారి దగ్గర గుణమేదీ లేదు. అందుకని కేంద్రం నినాదాన్ని, "శ్రమయే మా శ్వాస, దుంపయే మా ధ్యాస" అన్నదాన్ని, వంశపు రాత అక్షరాల్లోకి మార్పించి ఒక కడియంగా చేయించారు.

"దానివల్ల సూక్ష్మజీవికి ఏం ఉపయోగమండీ?" అని అడిగాడు శోభనాచలం. ఊరికే తెలుసుకుందామనే అడిగాడు.

"ఉపయోగం ఏమీ లేదు. గౌరవం" అన్నారు ప్రచార విభాగం వారు.

ఏడూ పడ్డాక సీసా తెల్లబడటానికి తొమ్మిది రోజులు పట్టింది. తెల్లబడిందా అంటే అదీ కాదు, బియ్యం కడిగిన నీళ్లలా మసకేసింది. డైరెక్టరు గారు దానికి "సప్తగుణి" అని పేరు పెట్టారు. ఇక పాత లంక-11 ఎందుకు? ఏ గుణమూ లేని అనర్హ సూక్ష్మజీవి కేంద్రంలో ఉంటే సప్తగుణికి చెడు ఉదాహరణ అవుతుందని, మంచుపెట్టెలో ఉన్న గొట్టాలతో సహా నాశనం చెయ్యాలని ఉత్తర్వయింది.

ఆవిరిపెట్టె వెలిగించాల్సింది శోభనాచలమే. ఆ రోజు ఆషాఢ శుక్రవారం. ఒక్కొక్క గొట్టమే పెట్టెలో పెడుతూ, "తల్లీ, నేను పనివాణ్ణి" అనుకున్నాడు. మూత బిగించాక చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

నెల తిరక్కుండా కృష్ణకు వరద వచ్చింది. లంక చేలమీద పదకొండు రోజులు నీళ్లు నిలిచిపోయాయి. నీళ్లు తీశాక నాంచారమ్మ చేలో, ఆ పచ్చటి మూలలో కూడా, పసుపు కుళ్లింది. ఉత్పల వెళ్లి మట్టి తెచ్చి చూస్తే మంచి జీవం ఆనవాలు లేదు. బురదతోపాటు కొట్టుకుపోయింది.

మహాలయ అమావాస్య వెళ్లాక నాంచారమ్మ కేంద్రానికి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకుని గేటు దగ్గరే కూలబడింది.

"యేవయ్యా శోభనాచలం, నా గిన్నేది?"

"అత్తా, అది..."

"గిన్నె సంగతి తరవాత. గిన్నెలోదియ్యి. నా మట్టిలోది నీ దగ్గరుందన్నావుగా. విత్తనానికి మిగిలినయ్యి నాలుగు బస్తాలు. జేష్టంలో పెట్టాల. ఈసారి కూడా కుళ్లితే చేను అమ్ముకోటవే. మా వోడు అప్పుడే చేపలచెరువు కాంట్రాక్టరుని తీసుకొచ్చి చూపిచ్చాడు."

ఉడకబెట్టేశానని ఎలా చెప్పడం? చివరికి శోభనాచలం చెప్పాడు.

నాంచారమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "సర్లే, నువ్వేం చేత్తావు. పదకొండేళ్లు దాచి దాచి ఉడకబెట్టుకున్నారన్నమాట. గుగ్గిళ్లు గూడా కాదు తినటానికి" అని కర్ర పట్టుకుని లేచింది.

ఆమె కోసం ఉత్పల సప్తగుణిని కేంద్రం మడిలో పసుపు వేళ్లకు పట్టించి చూసింది. నెల్లాళ్ల తరవాత దీపం వేసి వెతికితే ఒక్కటి మెరవలేదు. ఆ నేలలో ఉన్న మామూలు సూక్ష్మజీవులు, ఏ కడియమూ లేనివి, ముందుకురికి వేళ్లన్నీ ఆక్రమించుకున్నాయి. సప్తగుణి ఏడు కడియాలకూ నకళ్లు తీసుకునేలోపు తిండీ చోటూ అయిపోయాయి. "సామూహిక గైర్హాజరు" అని భుజంగరావు గారు నమోదు చేసుకున్నారు.

పుష్యమాసంలో తిండిలో కలిపే మందులు అయిపోయాయి. ఏడు కడియాలకు ఏడు మందులు. శోభనాచలం అర్జీ పట్టుకుని భుజంగరావు గారి గదికి వెళ్లాడు.

"యాంటీబయాటిక్ అనగా ఔషధము. ఔషధము కొనవలెనన్న రోగి పేరు, వయసు, డాక్టరు చీటీ జతపరచాలి" అన్నారాయన.

"రోగి లేడండి. ఇది జబ్బు తగ్గడానికి కాదు. కడియం దించినవాటిని చంపడానికి."

"చంపడానికా? అయితే అది పురుగుమందు. పురుగుమందులు వేరే విభాగం కొనవలెను."

ఆ విభాగం వారు సూక్ష్మజీవి పురుగు కాదన్నారు. ఫైలు మళ్లీ భుజంగరావు గారి బల్లకే చేరింది. శోభనాచలం మూడుసార్లు గుర్తుచేశాడు. మూడోసారి ఆయనకు విసుగొచ్చింది. "అంతవరకు మందు లేని తిండి పెట్టవయ్యా. పత్యమనుకో!" అని అర్జీ మీదే రాసి సంతకం పెట్టారు: "మందు లేకుండానే కొనసాగించవలెను."

శోభనాచలం ఆ కాగితం భద్రంగా దాచుకుని, మందు లేని గంజి కాచాడు. రోజూ చుక్క తీసి కొత్త సీసాలో వెయ్యడం, మర్నాడు మళ్లీ వెయ్యడం. మాఘం వెళ్లేసరికి తొమ్మిది రోజులు పట్టేది ఆరైంది. ఫాల్గుణానికి మూడైంది. ఉగాది మర్నాడు పొద్దున్నే ల్యాబు తలుపు తీసి, అలవాటుగా సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు.

మజ్జిగలా ఉంది. నిన్న సాయంత్రం వేసిన చుక్క.

ఆయన సీసా కింద పెట్టి, చెప్పులు విడిచి, దానికి దండం పెట్టాడు. ఆ తరవాత ఉత్పలకు ఫోన్ చేశాడు.

ఈలోగా వార్త డైరెక్టరు గారికి చేరింది. "చెప్పానా! మోయగా మోయగా బలం వస్తుంది. ఇప్పుడు ఏడు బాధ్యతలతోనూ ఒక్కరోజులో పెరుగుతోంది" అని ఆయన వేదిక మీద సప్తగుణిని రైతులకు అంకితం చేసే రోజు కూడా నిర్ణయించేశారు. పూలదండలకు చెప్పారు. అందులో ఒకటి సీసాకు.

నెలా పది రోజులకు ఉత్పల పరీక్షల కాగితాలతో డైరెక్టరు గారి గదిలోకి వచ్చింది. భుజంగరావు గారు కూడా ఉన్నారు. శోభనాచలం కుక్కకు పాలుపోస్తూ గుమ్మంలో ఉన్నాడు.

"సార్, ఏడూ పోయాయి. ఒక్కటి కూడా లేదు. మూడుసార్లు చూశాను, మనం పెట్టినదాంట్లో చిన్న ముక్క కూడా మిగల్లేదు. మందు లేదు కాబట్టి దించేసుకున్నవి బతికాయి. మోసేవాటికన్నా వేగంగా పెరిగి సీసా అంతా అవే అయ్యాయి. ఇది అచ్చంగా పాత లంక-11. మడిలో పెట్టి చూశాను, కుళ్లును ఆపుతోంది."

"దించేసుకున్నాయా?" అన్నారు డైరెక్టరు గారు. "ఎవరి అనుమతితో?"

"ఛార్జి ఎవరికి అప్పగించినట్లు?" అన్నారు భుజంగరావు గారు.

ఆ సాయంత్రమే సూక్ష్మజీవి పేర మెమో తయారైంది. ఏడు ప్లాస్మిడ్లను ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుపై, ఎవరికి అప్పగించి వదిలివేసినదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. తీసుకునేవారు లేనందున నిబంధనల ప్రకారం దాన్ని సీసాకు అతికించారు. మూడు రోజులు గడిచాయి.

"జవాబు వచ్చెనా?" అని అడిగారు భుజంగరావు గారు.

"ఇంకో సీసాడు పెరిగిందండి" అన్నాడు శోభనాచలం.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. రిజిస్టరులో ఉన్నది ఏడు గుణాల సప్తగుణి. సీసాలో ఉన్నది ఏ గుణమూ లేని లంక-11. అది ఆషాఢంలోనే నాశనమైనట్లు రిజిస్టరు చెబుతోంది. చచ్చినట్టు రాసినది బతికి ఉండటం, బతికున్నట్టు రాసినది లేకపోవడం! తనిఖీకి వచ్చేవారు తక్కువను క్షమిస్తారు గానీ ఎక్కువను క్షమించరు. ఉడకబెట్టేద్దామంటే, ఒకసారి నాశనమైనదాన్ని రెండోసారి నాశనం చేసినట్లు రాయడానికి నిబంధన లేదు. భుజంగరావు గారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

జ్యేష్ఠానికి ఇంకా పన్నెండు రోజులుంది. శోభనాచలానికి అబద్ధం ఆడటం రాదు. ఎదిరించడం అలవాటు లేదు. అడగడం ఒక్కటే వచ్చు. మంచినీళ్లు నింపడానికి కూజా తీసుకుంటూ అడిగాడు.

"అయ్యగారూ, నాకు తెలవక అడుగుతా. వేరే శాఖనుంచి ఇక్కడికి డెప్యుటేషన్ మీద వస్తారు చూడండి, వాళ్లు ఇక్కడి పనికి పనికిరాలేదనుకోండి. ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తారు? మాతృశాఖకు తిప్పి పంపుతా..." భుజంగరావు గారు ఆగిపోయారు. కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. "శోభనాచలం! ఇది ఇక్కడికి వచ్చినప్పటి కాగితం ఉన్నదా?"

"గేటు పుస్తకంలో ఉందండి. పదకొండేళ్ల కిందటిది."

అంకితోత్సవం వాయిదా పడింది. ఉత్తర్వు మాత్రం గంటలో వచ్చింది. ఉత్పల పరీక్షల కాగితం జతచేశారు.

"సదరు సూక్ష్మజీవి అదనపు బాధ్యతల నిర్వహణకు అనర్హమని తేలినందున, దాని డెప్యుటేషనును రద్దుపరచి, మాతృశాఖయగు కె. నాంచారమ్మ గారి చేనికి తిప్పి పంపడమైనది. చేరినప్పుడు వెంట తెచ్చుకున్న వస్తువులన్నియు నమోదు ప్రకారము తిరిగి అప్పగించి, స్వీకర్త వేలిముద్ర తేవలెను."

శోభనాచలం ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. చదివి అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేమిటయ్యా?"

"గేటు పుస్తకంలో 'మూత సహితం' అని ఉందండి."

భుజంగరావు గారు తన కూజా వంక చూశారు. దానిమీద పదకొండేళ్లుగా ఉన్న మూత వంక చూశారు. తన సంతకం వంక చూశారు. నిబంధన నిబంధనే. మూత తీసి, జేబురుమాలుతో తుడిచి, ఆయనే స్వయంగా చేతికిచ్చారు. కూజా మీద ఆ పూటకు ఒక ఫైలు కప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే శోభనాచలం అమ్మవారికి దండం పెట్టి, తాళాలగుత్తి ఇంట్లో వదిలి, గిన్నె నిండా తెల్లటి గంజి పట్టుకుని గేటు దాటాడు. తొణుకుతుందని సైకిలెక్కకుండా మూడు మైళ్లు నడిచాడు. నాంచారమ్మ చేలో బోదెలు తోలి ఉన్నాయి. విత్తనదుంపలు గట్టుమీద గోనెపట్టాపై పోసుకుని, కుళ్లువి ఏరి పారేస్తోంది. ఆయన చేతిలో గిన్నె చూసి ఏరడం ఆపింది.

"అది నాదే!"

"నీదే అత్తా. లోపలదీ నీదే."

"ఉడకబెట్టానన్నావుగా?"

"ఉడకబెట్టాను. బరువులెత్తినవి సీసాలో మిగిలాయి. అవన్నీ దించుకుని మళ్లీ మామూలుదయ్యింది."

నాంచారమ్మకు ఆ ముక్క ఏమాత్రం వింతగా అనిపించలేదు. తొట్టెలో నీళ్లు పోసి, గంజి ఒంపి, చేత్తో కలియబెట్టింది. ఇద్దరూ కూర్చుని దుంపలు ముంచి తీసి నీడన ఆరబెట్టసాగారు. చేతులు పసుపయ్యాయి. ఈ మనిషి కూడా ఏమైనా పెట్టి నోరు మూయిస్తుందేమోనని భయపడుతూనే, శోభనాచలం తన పాత సందేహం ఆమెను అడిగాడు.

"అమ్మవారు ఆ ఎనిమిది ఆయుధాలూ ఎప్పుడు దించుద్దంటావత్తా?"

నాంచారమ్మ దుంప ముంచుతూనే చెప్పింది. "రాచ్చసుడు చచ్చాక దించకేం జేత్తదయ్యా? ఆయమ్మకి మాత్రం ఇల్లూ వాకిలీ, వంటా వార్పూ లేవా? మనం చూసేది పటవేగా. పటం తీసేవోడు వచ్చినప్పుడు పట్టుకుని నిలబడుద్ది."

శోభనాచలం చెంపలేసుకోబోయి, చేతులు పసుపుగా ఉన్నాయని ఆగి, గట్టిగా నవ్వేశాడు.

చివరి దుంప ముంచాక నాంచారమ్మ గిన్నెను కాలవలో తోమి కడిగింది. తిరగేసి, అడుగున తల్లి కొట్టించిన అక్షరాల మీద బొటనవేలు రాసింది. మళ్లీ అనుమానంగా ఆయన వంక చూసింది.

"దీనికి మూతుండాలే?"

శోభనాచలం సంచిలో చెయ్యి పెట్టి మూత తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని గిన్నె మీద పెట్టి అరచేత్తో ఒక్కటేసింది. పదకొండేళ్లు వేరువేరు గదుల్లో ఉన్నా, టక్కున సరిపోయింది.